మా ఊరి గ్రంథాలయానికి వచ్చే రెండేళ్లలో ఏం చేస్తే బాగుంటుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. మా తాతల కాలంలో పెట్టిన గ్రంథాలయం ఒకటి ఊళ్లో ఉంది. చాలా ఏళ్లు తాళం పడి ఉంటే, మూడేళ్ల క్రితం మేం ఏడెనిమిది మందిమి కలిసి మళ్లీ తెరిచాం. ఇది ప్రభుత్వానిది కాదు, ఊరి కమిటీదే. ఒక పెద్ద గది, ముందు వరండా, సుమారు 1,400 పుస్తకాలు, రెండు దినపత్రికలు ఉన్నాయి. పొద్దున ఏడింటికి పెద్దవాళ్లు పేపర్ కోసం వస్తారు. సాయంత్రం కానిస్టేబుల్, గ్రూప్-2, డీఎస్సీకి చదివే పిల్లలు ఐదారుగురు కూర్చుంటారు. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు నెలకు పదిమంది కూడా ఉండరు.

ఊరి నుంచి వెళ్లి అమెరికాలో ఉంటున్న ఒకాయన ఇప్పుడు 60,000 రూపాయలు ఇస్తానన్నారు. రెండేళ్లలో ఏమేం చేస్తారో ప్లాన్ రాసి పంపమన్నారు. కమిటీలో తలా ఒక మాట. కొందరు కంప్యూటర్లంటారు, కొందరు ఏసీ అంటారు, ఇంకొందరు పోటీ పరీక్షల పుస్తకాలంటారు. నాకు ప్లాన్ రాయడం అలవాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

కంప్యూటర్ల సంగతి ఒక్కటే చెబుతాను. మా ఊరి లైబ్రరీకి నేనూ నా స్నేహితులూ మూడు కంప్యూటర్లు కొనిచ్చాం. రెండో ఏడాదికి వాటి మీద గుడ్డ కప్పి పెట్టారు. పాడైపోయి కాదు. పక్కన కూర్చుని పిల్లలకు చూపించే మనిషి లేడు, తలుపు తీసే వేళకు పిల్లలు బడిలో ఉంటారు. ఆ గుడ్డ కప్పిన బల్ల చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధే. ముందు మనిషిని చూసుకోండి.

జవాబు: రిటైర్డ్ గ్రంథపాలకురాలు

బాబూ, ముప్పై ఏళ్లకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేశాను. మీ ప్రశ్న చదివి సంతోషం కలిగింది, కొంచెం భయం కూడా వేసింది. డబ్బు వస్తుందనగానే వస్తువుల జాబితా తయారవుతుంది. మీ కమిటీలో వినిపించిన మూడు మాటలూ వస్తువుల గురించే కదా. ఎవరి కోసం అన్నది ఇంకా ఎవరూ అడగలేదు.

ప్లాన్ పక్కన పెట్టి, రేపు ఒక పొడుగు నోట్‌బుక్ కొనండి. పదిహేను రోజులపాటు వచ్చిన ప్రతి మనిషి గురించీ నాలుగు ముక్కలు రాయండి. ఎన్నింటికి వచ్చారు, పిల్లలా, విద్యార్థులా, ఆడవాళ్లా, పెద్దవాళ్లా, ఏం పని మీద వచ్చారు, అడిగింది దొరకక తిరిగి వెళ్లారా. పేర్లు అక్కర్లేదు. దొరకని వాటి వరస అన్నిటికన్నా విలువైనది. మేం రిజిస్టర్లలో ఇచ్చిన పుస్తకాలే రాసేవాళ్లం, ఇవ్వలేనివి ఎప్పుడూ రాయలేదు. అది నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద పొరపాటని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పదిహేను రోజుల్లోనే రానివాళ్ల దగ్గరికి మీరు వెళ్లండి. బడి, అంగన్‌వాడీ, పాలకేంద్రం, డ్వాక్రా మీటింగు. అక్కడ "లైబ్రరీకి ఎందుకు రారు?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి "తీరికుండదండీ" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. సాయంత్రం పిల్లలు ఎక్కడుంటారు, పనయ్యాక మీరేం చూస్తారు, ఈ మధ్య ఏ కాగితం నింపడానికి ఇబ్బంది పడ్డారు అని అడగండి. అప్పుడు అసలు కబుర్లు బయటికొస్తాయి.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడకానికే అని. ఆ ఒక్క మాట కిందే ఆయన గ్రంథాలయం ఎక్కడ ఉండాలి, ఏ వేళల్లో తెరవాలి, కుర్చీలు ఎలా ఉండాలి, పనిచేసేవాళ్లు ఎలా ఉండాలి అన్నవన్నీ చర్చించారు. మీ ఊళ్లో పొద్దున ఏడింటికి తెరిస్తే పేపర్ చదివేవాళ్లు మాత్రమే రాగలరు. బడి వదిలాక పిల్లలు వచ్చే వేళకు కచ్చితంగా తెరిచి ఉండాలి, రోజూ అదే టైముకు ఉండాలి. రెండుసార్లు వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్లిన పిల్ల మూడోసారి రాదు.

అందుకే నా లెక్క ఇది. 60,000ని 24 నెలలకు పంచితే నెలకు 2,500 వస్తుంది. ఊళ్లోనే డిగ్రీ చదివిన ఒక అమ్మాయికో అబ్బాయికో సాయంత్రం పూట కూర్చున్నందుకు ఆ గౌరవ వేతనం ఇవ్వండి. అది పెద్ద మొత్తం కాదని తెలుసు. కానీ బాధ్యత ఒకరి మీద ఉంటుంది. స్వచ్ఛందంగా వంతులు వేసుకుంటే మొదటి నెల బాగానే సాగుతుంది, కోతల సమయం వచ్చేసరికి తాళం పడుతుంది.

మరి పుస్తకాలు ఎలా అంటారా? ఉన్న 1,400లో ఎన్ని బతికున్నాయో చూడండి. సిలబస్ మారిపోయిన గైడ్లు, చెదలు తిన్నవి, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పడేసినవి తీసేయండి. బీరువా కుక్కి ఉంటే మంచి పుస్తకం కూడా కంటపడదు. తీసేసే ముందు ఊరి పేరుతో ఉన్నవి, పాత పత్రికలు, మొదటి కమిటీ రిజిస్టర్లు మాత్రం విడిగా పెట్టండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం అనే గ్రంథాలయానికి పరిశోధకులు ఇప్పటికీ వెళ్లేది అలా దాచిన పాత పత్రికల కోసమే.

కొత్తవాటికి ఊరినే అడగండి. పెళ్లిరోజుకో, పిల్లల పుట్టినరోజుకో ఒక పుస్తకం. కాకపోతే ఏ పుస్తకం కావాలో మీరే చెప్పాలి, మీ నోట్‌బుక్‌లోని దొరకని వాటిలోంచి.

జవాబు: ఆడిటర్, విజయవాడ

అందరూ ఖర్చు గురించి చెబుతున్నారు, నేను రాబడి గురించి చెబుతాను. ఇది ముందే తేల్చుకోవాలి. ఇచ్చే ఆయన భారత పాస్‌పోర్టు మీదే అమెరికాలో ఉంటున్నారా, అక్కడి పౌరసత్వం తీసుకున్నారా? భారత పౌరుడై ఉండి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరుడైతే, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఎవరో బంధువు ఖాతాలో వేయించి మీవైపు మళ్లించే ఆలోచన అసలు వద్దు.

ఇంకొకటి, మీ కమిటీకి రిజిస్ట్రేషన్ ఉందా? 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. బ్యాంకు ఖాతా గ్రంథాలయం పేరు మీద ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి. ఎంత మంచివాళ్లైనా సరే, కార్యదర్శి సొంత ఖాతాలో వేసుకోవద్దు. ఊళ్లో మాట పడితే మళ్లీ లేవలేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. ఆయన పాస్‌పోర్టు మనదేనట, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. ప్రాణం కుదుటపడింది. రిజిస్ట్రేషన్ లేదు, కాగితాలు సిద్ధం చేస్తున్నాం. పాత రిజిస్టర్లు అటక మీద దొరికాయి మేడమ్, భద్రంగా తీసి పెట్టాను.

రెండు చిక్కులు మిగిలాయి. జీతానికి డబ్బంటే దాతకు అంతగా నచ్చలేదు. "కంటికి కనిపించేది ఏదైనా పెట్టండి" అన్నారు. రెండోది, మా దగ్గరికి ఆడవాళ్లు అస్సలు రారు. వరండా నిండా మగవాళ్లు పేపర్ పట్టుకుని కూర్చుంటారు. మా అమ్మ కూడా ఈ మూడేళ్లలో లోపలికి రాలేదు.

జవాబు: రిటైర్డ్ గ్రంథపాలకురాలు

మీ అమ్మగారి మాట రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మీరున్న ప్రాంతంలోనే దీనికి దారి చూపించినవాళ్లున్నారు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. జనం గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి వెళ్లింది. మీకు పడవ అక్కర్లేదు, రెండు గుడ్డ సంచులు చాలు. డ్వాక్రా మీటింగు రోజున ఇరవై పుస్తకాలు పంపండి. నవలలు, వారపత్రికలు, ఆరోగ్యం, కుట్లు, వంటలు, పిల్లలకు చదివి వినిపించే కథలు. పేరు, పుస్తకం, తేదీ రాయడానికి చిన్న నోట్‌బుక్. వచ్చే నెల సంచి మార్చండి. పోతే పోనివ్వండి, ఫైను మాట ఎత్తొద్దు. నాలుగైదు నెలలు సంచి తిరిగాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆడవాళ్ల వేళ అని పెట్టండి. అప్పటికి పేపర్ చదివేవాళ్లు ఎలాగూ ఇళ్లకు వెళ్లిపోతారు. వరండాతో గొడవ పడక్కర్లేదు.

దాత విషయంలో ఆయన్ని తప్పుపట్టొద్దు. అంత దూరం నుంచి ఆయన ఊరిని చూడాలనుకుంటున్నారు. మొదటి మూడు నెలలకే డబ్బు అడిగి, నెల నెలా ఒక పేజీ ఉత్తరం పంపండి. ఎన్ని రోజులు తెరిచాం, ఎంతమంది వచ్చారు, ఏ పుస్తకం ఎక్కువమంది తీసుకెళ్లారు, ఒక ఫొటో. గోడ మీద బోర్డు పెట్టి "ఈ సాయంత్రాలు ఫలానా వారి సహాయంతో" అని రాయించండి. అప్పటికీ వస్తువే కావాలంటే ఇన్వర్టరు అడగండి. కరెంటు పోయిన సాయంత్రం ఊళ్లో వెలుగున్న గది మీదే అయితే అందరికీ కనిపిస్తుంది.

పరీక్షలకు చదివే పిల్లల కోసం లావుపాటి పుస్తకాలు కొనకండి, సిలబస్ మారితే వృథా. పాత ప్రశ్నపత్రాల ఫైలు, కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు రెండు, మంచి లైటు, వీపుకు ఆనే కుర్చీ చాలు. దానికి బదులుగా వాళ్లను ఒకటి అడగండి. వారంలో ఒక గంట చిన్నపిల్లలతో కూర్చోవడం, లేదా పెద్దవాళ్ల పింఛను ఫారాలూ ఆన్‌లైన్ దరఖాస్తులూ నింపిపెట్టడం. ఫారాల దగ్గర ఒక జాగ్రత్త. ఆధార్ జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోవద్దు, ఎవరి ఓటీపీ అడగొద్దు.

ఇంకో మాట. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెళ్తుంది. మీ ఊరివాళ్లూ కడుతున్నారు. కాబట్టి రిజిస్ట్రేషన్ కాగానే సంస్థ కార్యాలయానికి వెళ్లి, పుస్తక నిక్షిప్త కేంద్రం లాంటి ఏర్పాటు కింద కొన్ని పుస్తకాలు మీ దగ్గర ఉంచగలరేమో రాతపూర్వకంగా అడగండి. బతిమాలుకోవాల్సిన పని లేదు.

జవాబు: ప్రభుత్వ బడి టీచర్

పిల్లల గంట గురించి మా అనుభవం. మేం శనివారం సాయంత్రం పెట్టాం. మొదట్లో కథ చదివి వినిపించి, చివర్లో ప్రశ్నలు అడిగేదాన్ని. మూడు వారాల్లో సగం మంది మానేశారు. ఒక పిల్లాడు "ఇది కూడా బడేనా టీచర్?" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రశ్నలు ఆపేశాను. ఇప్పుడు నేను చదువుతాను, తర్వాత ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు తిరగేస్తారు. చదవడం సరిగా రాని అయిదో తరగతి పిల్లలు, తమ్ముడికి వినిపించే నెపంతో రెండో తరగతి పుస్తకం తీసుకుంటారు. వాళ్ల పరువు పోదు, చదవడమూ వస్తుంది.

పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకుని కుట్టుకోవచ్చు. సికింద్రాబాద్ తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. పుస్తకాల ముఖచిత్రం కనిపించేలా తాడు కట్టి వేలాడదీయండి. వీపులు చూసి చిన్నపిల్లలు పుస్తకం ఎంచుకోరు.

వేసవి సెలవులకు పెద్ద ప్లాన్లు వద్దు. ఎండకి మధ్యాహ్నం ఎవరూ రారు. పొద్దున ఎనిమిది నుంచి పది వరకు చాలు. గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 వరకు ఎలాగూ వస్తాయి, ఊరంతటినీ పిలిచే కార్యక్రమం ఏడాదికి అదొక్కటి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

పదిహేను రోజుల లెక్క పూర్తయింది. దొరకక వెనక్కి వెళ్లినవి రాస్తే రెండు పేజీలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది కంప్యూటర్ కాదు. మిరపకు వచ్చే తెగుళ్ల గురించి తెలుగు పుస్తకం, తెలుగు అర్థాలతో ఇంగ్లీషు డిక్షనరీ, చిన్నపిల్లల బొమ్మల కథలు. కమిటీలో అందరి ముందూ ఆ నోట్‌బుక్ పెట్టాను. ఏసీ మాట మళ్లీ రాలేదు.

మొదటి ఆరు నెలలకు మాత్రమే ప్లాన్ రాశాను, ఒకే పేజీ. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు తెరవడం, శనివారం కథల గంట, డ్వాక్రా సంచి. మిగతావి ఆరు నెలల లెక్క చూశాక రాస్తామన్నాను. దాత ఒప్పుకున్నారు. సంచిలో ఏమేం పెట్టాలో మా అమ్మ ఎంచుతోంది.

ఒక్క సందేహం. పుస్తకాలు సర్దుతుంటే గోడవైపు చెక్క బీరువాలో చెదలు కనిపించాయి. ఏం చేయాలి?

జవాబు: రిటైర్డ్ గ్రంథపాలకురాలు

ఈ రోజే ఆ బీరువా ఖాళీ చేయండి. చెదలు పట్టిన పుస్తకాలను మిగతావాటితో కలపకుండా వరండాలో విడిగా ఉంచి, ఒక్కొక్కటీ మెత్తటి బ్రష్‌తో దులపండి. నేరుగా ఎండలో గంటల తరబడి పెట్టొద్దు, కాగితం పెళుసెక్కుతుంది. గోడలో తేమ ఎక్కడి నుంచి వస్తుందో మేస్త్రీకి చూపించండి, అది ఆపకపోతే మందు కొట్టినా మళ్లీ వస్తాయి. చెదల మందు తెలిసినవాళ్లతోనే కొట్టించి, ఆ రెండు రోజులు పిల్లలను రానివ్వొద్దు. తర్వాత చెక్క బీరువా బదులు ఇనుప ర్యాకు పెట్టండి, గోడకు జానెడు దూరంలో, నేలకు కొంచెం ఎత్తులో. మీ పాత రిజిస్టర్లు అటక మీద ఉండేవన్నారు కదా, వాటిని కూడా ఒక్కో పేజీ తిప్పి చూడండి.