మెడ వంగదు, నడుము వంగదు: ఇది అరుగుదలేనా, బోరు నీళ్ల పుణ్యమా?

పొదిలి రైతుబిడ్డ:
మా నాన్నగారికి 61 ఏళ్లు. మెడ, నడుము బిగుసుకుపోయి నాలుగేళ్లయింది. చెంబెత్తి నీళ్లు తాగాలన్నా తల వెనక్కి వాలదు కాబట్టి, మోకాళ్లు కాస్త వంచి ఒళ్లంతా వెనక్కి వాల్చి గొంతులో పోసుకుంటారు. చూపించిన ప్రతిచోటా అరుగుదల అనే చెప్పి నొప్పి మాత్రలు రాశారు. ముప్పై ఏళ్లుగా మాది బోరు నీరే. ఇలాంటి అనుభవం ఎవరికైనా ఉందా?

దర్శి మాస్టారు:
మా అమ్మగారికి అచ్చం ఇలాగే మొదలైంది. మన ప్రాంతానికి ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుని బృందం నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను, అంటే తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకొచ్చే జబ్బును, గుర్తించి వివరించింది. మన దర్శి, పొదిలి అప్పటికి ఆ జిల్లాలోనివే, 1970లో కదా ఒంగోలు జిల్లా ఏర్పడింది. అరుగుదలలో కీలు మధ్యనున్న మృదులాస్థి తరిగిపోతుంది. ఫ్లోరోసిస్‌లో అందుకు భిన్నంగా ఎముక చిక్కబడి, దాన్ని పట్టి ఉంచే స్నాయువుల్లో సున్నం పేరుకుని గట్టిపడుతుంది. గడ్డం రొమ్ముకు ఆనుతుందా, రెండు చేతులూ తల వెనక కలుస్తాయా, మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా అని ఇంట్లోనే చూడండి. ఇవి అనుమానానికే తప్ప నిర్ధారణకు చాలవు కాబట్టి ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి. మా అమ్మగారి ఫిల్ములో రెండెముకల నడుమ పొర గట్టిపడి, అంచుల వెంట తుమ్మముళ్లలా పొడుచుకొచ్చి కనిపించింది. కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తూలినా వెన్నుపాము నలుగుతోందేమో వెంటనే చూపించాలి.

కావలి సుబ్బమ్మ మనవరాలు:
మాస్టారు గారూ, ప్రతి నొప్పినీ నీళ్లకు అంటగట్టలేం. పొగాకు గ్రేడింగులో ఏళ్ల తరబడి గొంతుక్కూర్చున్న మా పిన్నిది మోకాలి అరుగుదలే. చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, తొడ కండరం బిగించి, అయిదంకెలు లెక్కపెట్టి వదిలే వ్యాయామం రోజూ చేస్తూ, కింద కూర్చోవడం మానేశాక ఆమె మెట్లెక్కగలుగుతోంది. నొప్పి మాత్రల సంగతి మాత్రం ఇద్దరికీ వర్తిస్తుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ మూత్రం ద్వారానే ఎక్కువగా బయటికి పోవాలి. ఏళ్ల తరబడి మింగే మాత్రలు ఆ మూత్రపిండాలనే దెబ్బతీస్తే విషం లోపలే నిలుస్తుంది.

పొదిలి రైతుబిడ్డ:
నీళ్ల పరీక్ష చేయించాము. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదట, మా బోరులో 3.4 వచ్చింది. ముసలాయన కదా అని ఇన్నాళ్లూ ఆయనకొక్కరికే ప్రత్యేకంగా నీళ్లు మరిగించి ఇచ్చాము. మరిగిస్తే ఫ్లోరైడ్ పోకపోగా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుందని ల్యాబులో చెప్పేవరకు మాకు తెలియదు. గట్టిపడిన కీళ్లు మళ్లీ మునుపటిలా కావని మాస్టారు గారు ఫోనులో చెప్పారు. అయినా నిన్నటి నుంచి తాగడానికీ వంటకూ సాగర్ నీళ్లే తెప్పిస్తున్నాము. సోమవారం ముంజేతి ఎక్స్‌రే.