మూసేసిన కొట్టును ఇల్లుగా మార్చాలంటే ఎంతవుతుంది?

కావలి సూరి:
కావలి బజార్లో మా నాన్న నడిపిన ఎరువుల కొట్టు నాలుగేళ్ళుగా మూతే. ఏడున్నర అంకణాలు. 12 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, మూడు పక్కలా వేరేవాళ్ళ గోడలు, ముందు ఒకటే షట్టరు. అమ్మానాన్నల్ని అందులోకి మారుద్దామనుకుంటున్నా. బెడ్రూము, వంటిల్లు, వెనక బాత్రూము, మెటీరియల్‌తో కలిపి ఆరు లక్షలంటున్నాడు మేస్త్రి. రేటు సరైందేనా? కరెంటు మీటరు, ఇంటిపన్ను ఎట్లా మార్చుకోవాలి? బ్యాంకు లోను వస్తుందా?

తిరుపతి బాబు:
ఏడున్నర అంకణాలంటే 270 చదరపు అడుగులు. దానికి ఆరు లక్షలా! నిలువునా ముంచుతున్నాడు.

స్టోన్‌హౌస్‌పేట అన్న:
అబ్బాయా, అంకణం 36 చదరపు అడుగులనేది మీ తిరుపతి లెక్క. మా నెల్లూర్లో 72. 12ని 45తో గుణించు, 540 వస్తుంది.
సూరీ, రేటు తర్వాత, ముందు గోడలు చూడు. మాది కూడా ఎరువుల బస్తాలు పెట్టిన గోడౌనే. గోడ కిందిభాగం ఉప్పు పీల్చి ఉంటుంది. మా మేస్త్రి దానిమీదే పుట్టీ లాగించి రంగేశాడు, గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకున్నారు. కార్తీకం వానలకు పొక్కులు లేచి అరచేయంత పెచ్చులు ఊడాయి, వేలితో గీకితే తెల్లటి పొడి. పాత పూత ఇటుక కనపడేదాకా కొట్టించి, బాగా ఆరనిచ్చి, మళ్ళీ పూయించాలి. ఆ కూలీ, ఆ మట్టి తోలే ట్రాక్టరు ఆరు లక్షల్లో ఉన్నాయా? అడుగు.

సైటింజనీరు:
22 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా. అడుగుకింత అనే రేటు కొత్త ఇంటికి. పాత కొట్టుకు అది పనికిరాదు. గోడలు, శ్లాబు ఎట్లాగూ ఉన్నాయి, ఖర్చంతా నీళ్ళ దగ్గరే. బాత్రూము వెనక అంటున్నారు, మూడు పక్కలా గోడలే కాబట్టి మురుక్కాలవ ముందే ఉంటుంది. నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు మూడంగుళాల వాటం ఇవ్వాలి. 45 అడుగులకు 13 అంగుళాల పైమాటే. అంటే ఫ్లోరింగు పొడుగూతా తవ్వాలి, లేదా ఇల్లంతా అడుగు పైకి లేపాలి. పాత బజార్లలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి కాలవ మట్టమే పైకొచ్చింది. కొలవకుండా ఆరు లక్షలన్న మేస్త్రి రేపు ఎనిమిదంటాడు. తేలికైన దారి, బాత్రూము ముందుకు తెచ్చుకోండి, షట్టరు పక్కనే.

అద్దంకి అత్తమ్మ:
వీధిమొహాన బాత్రూమా? ఇంటికొచ్చినవాళ్ళు ముందు దాన్ని దాటుకుని లోపలికి రావాలా? చదువుకున్న సలహానేనా ఇది!

సైటింజనీరు:
అమ్మా, రైలు పెట్టెలో తలుపు పక్కనే ఉంటుంది, ఎక్కడం మానేశామా?

అద్దంకి అత్తమ్మ:
రైల్లో కాపురం చెయ్యం నాయనా.

వాస్తు మిత్ర:
షట్టరు ఏ దిక్కో చెప్పకుండానే సలహాలు ఇచ్చేస్తున్నారు. ఈశాన్యంలో బాత్రూము పడితే ఆ ఇంట్లో పెద్దవాళ్ళకు ఆరోగ్యం ఉండదు.

సైటింజనీరు:
మూడు పక్కలా గోడలున్న కొట్లో పెద్దవాళ్ళకు గాలి లేకపోతే ఆరోగ్యం ఉండదు. దిక్కులు తర్వాత చూసుకుందాం.

వాస్తు మిత్ర:
నమ్మకాల మీద వెటకారం అనవసరం. మీ 22 ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు పెచ్చులూడాయో మాకూ తెలుసు.

సైటింజనీరు:
నేను కట్టిన ఇల్లు ఒక్కటి చూపించి మాట్లాడండి.

ఒంగోలు గిత్త:
ఇద్దరూ ఆపండి. గాలి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా బాబాయి చీకటి పోవాలని శ్లాబు మధ్యలో కోయించాడు. కోసినవాడు కడ్డీలు కూడా తెంపాడు, తర్వాత కింద ఇనుప దూలం పెట్టాల్సొచ్చింది. కొయ్యాలంటే ఇంజనీరుకు చూపించే కొయ్యండి. మీటరుకైతే కరెంటు కంపెనీ సీపీడీసీఎల్‌లో అర్జీ పెట్టుకోండి, కొట్లకిచ్చే కేటగిరీ 2 నుంచి ఇళ్ళకిచ్చే 1కి మారుస్తారు.

స్టోన్‌హౌస్‌పేట అన్న:
సీపీడీసీఎల్ మీ ఒంగోలుకు. కావలికి ఎస్పీడీసీఎల్.

ఒంగోలు గిత్త:
సరే, పేరు ఏదైనా పని ఒకటే. ముందు షట్టరు తీసి తలుపు, కిటికీ పెట్టండి, పొయ్యి కనపడాలి. చూడటానికొచ్చినవాళ్ళకు కొట్టులాగే ఉంటే కమర్షియల్ బిల్లే వస్తుంది. వైరింగు కూడా పాతది ఉంచొద్దు, రెండు ట్యూబులైట్లకు లాగిన తీగ మీద గీజరు, ఏసీ నడవవు.

కావలి సూరి:
అందరికీ థాంక్స్. కాలవ మట్టం ఇవాళ ట్యూబులో నీళ్ళు పోసి చూశాం, మా గచ్చు కన్నా నాలుగంగుళాలే కింద. తవ్వినా నీళ్ళు పోవు. ఇల్లు లేపితే ముందు మెట్లు వస్తాయి, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. బాత్రూము ముందుకే తెస్తాం. అత్తమ్మగారూ, తలుపు వీధివైపు కాకుండా లోపలికి తిప్పుతాం. ఇంటిపన్ను, లోను సంగతి ఎవరూ చెప్పలేదు.

చీమకుర్తి చిన్నోడు:
2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీల్లో పన్ను ఆస్తి విలువ మీదే. ఇళ్ళకు 0.10 నుంచి 0.50 శాతం, కొట్లకు 0.20 నుంచి 2 శాతం దాకా వెయ్యొచ్చు. అందుకే ఇల్లని రాయించుకోవడం మర్చిపోకండి. గచ్చుకు టైల్స్ దేనికి? మా చీమకుర్తి వచ్చి గ్రానైటు ముక్కలు ఏరుకోండి, నల్ల గెలాక్సీ రాయి కూడా తగ్గింపు ధరకే.

అద్దంకి అత్తమ్మ:
నల్లరాయి మీద దుమ్ము తుడిచేది ఎవరు? చిన్నోడా, నువ్వొచ్చి తుడుస్తావా?

చీమకుర్తి చిన్నోడు:
ముదురు రంగైతే మరకలు కనపడవు అత్తమ్మా.

అద్దంకి అత్తమ్మ:
మరకలు కాదు, దుమ్మన్నా.

సైటింజనీరు:
షట్టరు మూసే లెక్క కూడా రాసుకోండి. 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తుంటే 72 చదరపు అడుగులు, నాలుగున్నర అంగుళాల గోడకు 350 ఇటుకలు. తలుపు, కిటికీ పోను ఇంకా తగ్గుతాయి. మేస్త్రి వెయ్యి రాస్తే ఒప్పుకోవద్దు.

తిరుపతి బాబు:
చూశారా, నేను ముందే చెప్పా మేస్త్రి ముంచుతున్నాడని.

స్టోన్‌హౌస్‌పేట అన్న:
నువ్వు చెప్పింది 270 అడుగులు.

కనిగిరి రైతు:
సూరి గారూ, ఆ షట్టరు అమ్ముతారా? మా మోటారు గదికి కావాలి. తుప్పు పట్టిందా?

కావలి సూరి:
కింది రెండు పట్టీలు తుప్పే, మిగతాది గట్టిగానే ఉంది. పాత ఇనుం ధరకైతే ఇవ్వను, స్ప్రింగు బాగుంది.

కనిగిరి రైతు:
ఫోటో పెట్టండి. దింపే కూలీ మీదే.