మన జిల్లా కథలను ఫోన్‌లో వినిపించడం సాధ్యమేనా?

ప్రశ్న (చిత్తూరు):
చూపు మందగించిన మా నాయనకు నామిని గారి ‘పచ్చనాకు సాక్షిగా’ వంటి మన మాండలికపు పుస్తకాలంటే ఎంతో ఇష్టం. ఫోన్ చదివి వినిపించే గొంతు కోపాన్నీ ఎగతాళినీ ఒకే తీరుగా పలుకుతుండటంతో, ఆయన రెండు పేజీలు గడవకముందే చాలించమంటున్నారు. మెరుగైన మార్గం ఏదైనా ఉంటే తెలుపగలరు.

మొదటి జవాబు (తిరుపతి):
యంత్రపు గొంతు వార్తలకు సరిపోతుందేమో గానీ, ‘యాడికి పోతా వుండావు’ అన్న పలకరింపులోని చనువును అది పలికించలేదు. ఇంట్లో పిల్లల చేత రోజుకొక కథ చదివించి ఫోన్‌లోనే రికార్డు చేయండి. మనవడి గొంతు తడబడినా పెద్దాయన విసుక్కోరు.

రెండవ జవాబు (మదనపల్లె):
మనుషులు చదవడమే మేలన్నది నిజమే అయినా, అందరి ఇళ్లలో తెలుగు తడుముకోకుండా చదివే పిల్లలు ఉన్నారా? యాప్‌నే వాడదలిస్తే ముందు ఫైలును పరిశీలించండి. స్కాన్ చేసిన పుస్తకంలో ఉండేవి బొమ్మలే కాబట్టి, వాటిని అక్షరాలుగా మార్చనిదే ఫోన్ చదవలేదు. ‘అను’ అనే పాతకాలపు డీటీపీ ఫాంట్లతో కూర్చిన ఫైళ్లయితే, ఫోన్లు గుర్తించే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చేదాకా అర్థంలేని గుర్తులుగానే కనిపిస్తాయి. సెట్టింగుల్లో చదివే వేగాన్ని తగ్గించడమూ మరువకండి.

మూడవ జవాబు (తిరుపతి):
యంత్రానికి మధురాంతకం రాజారాం గారి కథలు ఇచ్చి చూడండి. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన కథనం నిదానంగా, నిండు వాక్యాలతో సాగుతుంది గనుక, నా మట్టుకు నాకు ఆ గొంతులోనూ వినసొంపుగానే తోచింది. నామిని గారి కథలను మాత్రం పిల్లలకే అప్పగించండి.