6–8 తరగతుల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు: గొడవ దాకా రాకముందే గుర్తించేదెలా, గుర్తించాక ఏం చేయాలి?

ఏడోతరగతి_టీచర్:
కొట్లాట జరిగాక పిలిచి మందలించడం, ఇంటికి కబురు పెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. అంతకంటే ముందే ఏ పిల్లలకి సాయం కావాలో తెలుసుకునే పద్ధతి కావాలి. ఫారం ఎవరు నింపాలి, ఎప్పుడు నింపాలి, స్కోరు వచ్చాక ఏం చేయాలి? వాడి చూసినవాళ్లు వివరంగా రాయండి.

కౌన్సెలింగ్_గది:
మొదలుపెట్టడానికి స్టూడెంట్ రిస్క్ స్క్రీనింగ్ స్కేల్ సులువు. డ్రమ్మండ్ అనే ఆయన 1994లో తయారుచేసిన ఈ స్కేల్లో 7 అంశాలే ఉంటాయి: దొంగతనం, అబద్ధాలు-మోసం, ప్రవర్తన సమస్య, తోటిపిల్లలు దూరం పెట్టడం, చదువులో వెనకబాటు, వ్యతిరేక ధోరణి, దూకుడు. టీచరు ఒక్కో పిల్లాడికి ఒక్కో అంశానికి 0 నుంచి 3 దాకా వేయాలి. మొత్తం 0–3 వస్తే మామూలు, 4–8 మధ్యస్థం, 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎక్కువ రిస్కు. క్లాసు మొత్తానికి పావుగంట పట్టొచ్చు.

బడి తెరిచిన 4 నుంచి 6 వారాల తర్వాత మొదటిసారి నింపండి. అంతకుముందు నింపితే టీచరుకి పిల్లలింకా తెలియరు, ముందే చెడ్డపేరు విన్న పిల్లలకే ఎక్కువ స్కోరు పడుతుంది. తర్వాత ఏడాది మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి.

ఒక పిల్లాడికి ఏడూ వేసి రెండోవాడికి వెళ్లకండి. ఒక అంశం తీసుకుని క్లాసంతా పూర్తిచేసి, తర్వాతి అంశానికి వెళ్లండి. లేకపోతే మొదటి గడిలో 3 వేసిన చెయ్యి మిగతా గడుల్లోనూ 3 వేస్తూ పోతుంది. ఈ తరగతుల్లో పీరియడ్‌కో టీచరు కాబట్టి ఇద్దరు విడివిడిగా నింపాలి, పక్కపక్కన కూర్చుని కాదు. ఒకరు 2, ఇంకొకరు 11 వేశారంటే సగటు తీసి పక్కన పెట్టొద్దు. ఆ రెండు పీరియడ్లలో తేడా ఏమిటో చూడండి, జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ప్రత్యేకబోధన:
కౌన్సెలర్ గారు చెప్పిన ఏడు అంశాలూ బయటికి కనిపించేవే. క్లాసులో అల్లరి చెయ్యకుండా లోపల కుమిలిపోయే పిల్లలు వాటిలో పడరు. అందుకే ఈ స్కేల్ తర్వాతి రూపంలో ముఖంలో ఏ భావమూ లేకపోవడం, బెరుకు, దిగులు, ఆందోళన, ఒంటరితనం కూడా చేర్చారు. ఆ రూపాన్నే వాడండి. రెండు భాగాల స్కోర్లు వేరువేరుగా చూడాలి, కలిపితే మూగగా ఉండే పిల్ల మళ్లీ మరుగున పడుతుంది.

11 ఏళ్లు నిండితే పిల్లలే నింపే ఎస్.డి.క్యూ. (స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్) అనే ఫారం ఉంది. 25 ప్రశ్నలు, అయిదేసి చొప్పున 5 భాగాలు. ఇతరులకు సాయపడే గుణం గురించిన భాగాన్ని మొత్తంలో కలపరు, కాబట్టి మిగతా నాలుగింటి గరిష్ఠ స్కోరు 40. తల్లిదండ్రులకు ముందే తెలియజేసి, వద్దన్నవాళ్ల పిల్లలకు ఇవ్వకండి.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్తున్నా. పిల్లలు నింపిన కాగితాలు అదే రోజు చదివే మనిషి లేకపోతే అసలు ఇవ్వొద్దు. "బతకాలని లేదు" అని మార్జిన్లో రాసిన పిల్ల కాగితం వారంపాటు బీరువాలో ఉండకూడదు. అలాంటిది కనిపిస్తే ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే ఇంటివాళ్లకీ మానసిక వైద్య నిపుణులకీ చేర్చాలి. రహస్యంగా ఉంచుతామని మాటివ్వకండి.

లెక్కల_మాస్టారు:
ఫారాలకంటే ముందు రిజిస్టర్లు తెరవండి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరో తరగతి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన బాల్ఫాంజ్ అనే పరిశోధకుడి బృందం, చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదానికి 2007లో నాలుగు సూచికలు చెప్పింది: హాజరు 80 శాతంకంటే తక్కువ, లెక్కల్లో తప్పడం, ఇంగ్లిష్‌లో తప్పడం, బడినుంచి సస్పెండ్ అవడం. ఇవన్నీ బళ్లో ముందే ఉన్న కాగితాలు. హాజరుకైతే 80 దాకా ఆగొద్దు, పదో వంతు రోజులు మానేసినప్పుడే పేరు రాసుకోండి.

ఫిర్యాదుల లెక్క కూడా పనికొస్తుంది. టీచర్లు ఒక పిల్లాడిమీద రాసినవి ఏడాదిలో 2–5 ఉంటే అదనపు సాయం, 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే విడి ప్రణాళిక అనేది వాడుకలో ఉన్న కొలత. కానీ ఫిర్యాదులు పిల్లాడి గురించి ఎంత చెప్తాయో, రాసిన టీచరు గురించీ అంతే చెప్తాయి. ఎవరు రాశారు, ఏ పీరియడ్, ఏ చోటు అని విడదీసి చూడండి. సగం ఫిర్యాదులు ఒకే వరండా నుంచి, మధ్యాహ్న విరామం అయ్యాకే వస్తుంటే అక్కడ పెద్దవాళ్లు నిలబడాలి. ఒక సెక్షన్లో అయిదో వంతు పిల్లలకి రిస్కు స్కోరు వచ్చినా అంతే. ముందు సరిచేయాల్సింది ఆ క్లాసు నడిచే తీరుని.

ఏడోతరగతి_టీచర్:
చాలా ఉపయోగం. గుర్తించాక? ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లని ఒక గ్రూపుగా చేసి వారానికోసారి క్లాసు తీసుకుందామన్న ఆలోచన ఉంది.

ప్రత్యేకబోధన:
అది వద్దు టీచర్. దూకుడున్న పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెడితే వాళ్ల మాటలకి వాళ్లే నవ్వుకుని, తప్పుని మెచ్చుకుని, ఒకరికొకరు నేర్పుకుంటారు. డిషన్, మెకార్డ్, పౌలిన్ అనే పరిశోధకులు 1999లో దీనిమీదే రాశారు. అబ్బాయిలకు సాయం అందించి ఫలితం చూడ్డానికి అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో వేసవి శిబిరాలకు ఒకసారికంటే ఎక్కువ పంపిన అబ్బాయిల పరిస్థితి, ఏ సాయమూ అందనివాళ్లకంటే పెద్దయ్యాక అధ్వాన్నంగా తేలింది. గ్రూపు తప్పదనుకుంటే, ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేని పిల్లలై, పెద్దవాళ్లు పక్కనే ఉండేలా చూడండి.

కౌన్సెలింగ్_గది:
గ్రూపు బదులు చెక్-ఇన్ చెక్-అవుట్ మొదలుపెట్టండి. పొద్దున రెండు నిమిషాలు ఒక పెద్దమనిషిని కలిసి పాయింట్ కార్డు తీసుకోవడం, ప్రతి పీరియడ్ చివర టీచరు 0, 1 లేదా 2 వేయడం, సాయంత్రం కూడిక చూసుకోవడం, ఇంట్లో సంతకం. 6 పీరియడ్లు, 3 అంశాలు అనుకుంటే 36 పాయింట్లు. మామూలుగా పెట్టే లక్ష్యం 80 శాతం, అంటే 29. కానీ మొదటి నాలుగైదు రోజులు లక్ష్యం పెట్టకుండా ఊరికే వేసి చూడండి. పిల్లాడు 50 శాతం దగ్గరుంటే మొదటి లక్ష్యం 60. మొదటిరోజే 80 అంటే రెండోరోజు కార్డు చింపేస్తాడు.

అంశాలు "బుద్ధిగా ఉండాలి" అన్నట్టు కాక, "బెల్ కొట్టేలోపు సీట్లో ఉన్నాడు", "పని మొదలుపెట్టాడు", "చేతులు తన దగ్గరే పెట్టుకున్నాడు" అన్నట్టుండాలి.

ఇది పాడయ్యే తీరులు కొన్నే. పొద్దున కలవాల్సిన మనిషి రాకపోవడం. శిక్షలు వేసే మనిషికే ఈ పని అప్పగించడం. కార్డు మీద "మళ్లీ మొదలెట్టాడు" అని రాయడం. ఇచ్చిన పాయింట్లు తర్వాత కొట్టేయడం. ఇంట్లో 0 చూసి కొట్టడం. ఆ భయం ఉన్నచోట సంతకం తీసేసి, బళ్లోనే ఇంకో టీచరుకి చూపించమనండి. నాలుగు వారాలకి గ్రాఫ్ గీసి చూసి, నిలకడగా ఉంటే పిల్లాడే తనకి వేసుకుని టీచరు వేసినదానితో పోల్చుకునేలా మార్చండి. కార్డు ఒక్కసారిగా ఆపితే వెనక్కి జారతారు.

లెక్కల_మాస్టారు:
పెద్దవాళ్ల శ్రద్ధ కోరే పిల్లలకి కార్డు బాగా పట్టుతుంది. పని తప్పించుకోవడానికి అల్లరి చేసేవాళ్లకి అంతగా పట్టదు. అయిదారు సందర్భాల్లో ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం దక్కింది అని మూడు గడుల్లో రాయండి. పైకి చదవమన్న ప్రతిసారీ గొడవ, గొడవ కాగానే బయటికి పంపడం కనిపిస్తే ఆ శిక్షే అతను కోరుకునేది. చదివే స్థాయి పరీక్షించండి, చూపూ వినికిడీ చూపించండి, పనిని చిన్న ముక్కలు చేయండి, అల్లరి చెయ్యకుండానే అడిగి తీసుకునే చిన్న విరామం ఇవ్వండి. అతను అల్లరి చేసేది తోటిపిల్లల నవ్వు కోసమే అయితే సీటు మార్చి, నలుగురూ చూసే మంచి పని ఒకటి అప్పగించండి.

ఏడోతరగతి_టీచర్:
ఇంటివాళ్లకి స్కోరు చెప్పాలా?

ప్రత్యేకబోధన:
స్కోరుతో మొదలుపెట్టకండి, అడిగితే దాచనూ వద్దు. అది రోగనిర్ధారణ కాదని, సాయం ఎవరికి కావాలో చూసుకునే కొలతని చెప్పండి. పిల్లాడు బాగా చేసిన పని ఒకటి మొదట చెప్పి, "మూడో పీరియడ్‌లో పని మొదలుపెట్టడం కష్టమవుతోంది, ఇంట్లో హోంవర్క్ దగ్గర ఎలా ఉంటాడు?" అని అడగండి. నిద్ర గురించీ అడగండి: 12 ఏళ్ల దాకా 9 నుంచి 12 గంటలు, 13 వచ్చాక 8 నుంచి 10 గంటలు కావాలి. స్కోరు కాగితం మాత్రం స్టాఫ్‌రూమ్ బల్లమీద ఉండకూడదు. సాయం చేసే ముగ్గురు నలుగురికి తప్ప ఇంకెవరికీ పేర్లు తెలియనవసరం లేదు.