తొలినాటి బేస్‌బాల్, సిగరెట్ కార్డుల మీద నవలలు: దేనితో మొదలుపెట్టాలి?

ఎడిసన్_నాన్న:
అందరికీ నమస్కారం. మా వాడు ఆరో క్లాసు. లిటిల్ లీగ్‌లో ఆడతాడు గానీ, ఆటకంటే బేస్‌బాల్ కార్డుల పిచ్చి ఎక్కువ. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగకుండా పెరిగినవాణ్ణి, వాడు చెప్పేవి నాకు సగం ఎక్కవు. ఇద్దరం కలిసి చదవడానికి పాతకాలపు బేస్‌బాల్, కార్డుల నేపథ్యం ఉన్న నవలలు చెప్పండి. లైబ్రరీలో డాన్ గట్‌మన్ రాసిన 'హోనస్ అండ్ మీ' కనిపించింది. 1909లో సిగరెట్ ప్యాకెట్లో వచ్చిన, ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న కార్డు ఒక కుర్రాడికి దొరుకుతుంది, దాంతో వాడు ఆ కాలానికే వెళ్ళిపోతాడు. అదీ కథ. ఇది తీసుకోవచ్చా?

షార్ట్‌స్టాప్:
కళ్ళు మూసుకుని తీసుకోండి. మా అమ్మాయి దాంతోనే పుస్తకాల దారిలో పడింది. పక్కింటి పెద్దావిడ అటక శుభ్రం చేస్తుంటే కుర్రాడికి ఆ కార్డు కనబడుతుంది. ఇంట్లో డబ్బుకి కటకట. ఆవిడకి చెప్పాలా, నోరు మూసుకుని జేబులో వేసుకోవాలా? ఈ గుంజాటన పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. పైగా 1909 వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి ఛాంపియన్ని తేల్చే పోటీ, ఒకపక్క పిట్స్‌బర్గ్ వాగ్నర్, ఇంకోపక్క డెట్రాయిట్ టై కాబ్.

మీకోసమైతే డారిల్ బ్రాక్ రాసిన 'ఇఫ్ ఐ నెవర్ గెట్ బ్యాక్'. ఈ కాలపు శాన్ ఫ్రాన్సిస్కో విలేఖరి ఒకడు రైలు దిగి 1869లో తేలతాడు. సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టుతో ఊరూరా తిరుగుతాడు. బాహాటంగా జీతాలిచ్చి ఆడించిన మొదటి జట్టు అదే. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) జార్జ్ రైట్‌కి సీజన్‌కి 1,400 డాలర్లు, ఆ రోజుల్లో పెద్ద మొత్తం. చేతులకి గ్లవ్‌లు లేవు, బంతి కిందినుంచే విసరాలి. ఆట తెలియనివాళ్ళకి ఇంతకంటే మంచి ప్రవేశం లేదు.

పాత_పుస్తకం:
రెండూ వద్దండీ. చారిత్రక నవల అడిగితే టైమ్ ట్రావెల్ చేతిలో పెడుతున్నారు. రెడ్ స్టాకింగ్స్ 1869లో ఒక్క ఆటా ఓడలేదని ఆ విలేఖరికి ముందే తెలుసు. ఆడుతున్నవాళ్ళకి తెలియదు. ట్రాయ్ హేమేకర్స్‌తో 17-17 దగ్గర ఆట ఆగి, అవతలి జట్టు మైదానం వదిలి వెళ్ళిపోయినప్పుడు ఆ మనుషుల గుండెల్లో ఏముందో లోపలినుంచి రాయాలి. మన కాలంనుంచి వెళ్ళినవాడి భుజం మీదుగా తొంగిచూస్తే అది యాత్ర అవుతుంది గానీ చరిత్ర కాదు.

చదవాల్సింది ఒక్కటే, ఎరిక్ రోల్ఫ్ గ్రీన్‌బర్గ్ 'ది సెలబ్రెంట్'. 1983లో వచ్చింది. న్యూయార్క్‌లో నగల వ్యాపారం చేసుకునే వలస యూదు కుటుంబం, అందులో ఒక కుర్రాడు, వాడి ఆరాధ్యదైవం జెయింట్స్ జట్టు పిచర్ (మన బౌలర్ లాంటివాడు) క్రిస్టీ మాథ్యూసన్. మాథ్యూసన్ కోసం ఉంగరం చేస్తాడు. అక్కణ్ణుంచి కథ ఆటగాళ్ళు డబ్బుకి ఆట అమ్ముకున్న 1919 వరల్డ్ సిరీస్ కుంభకోణం దాకా వెళుతుంది. మాయలూ మంత్రాలూ లేవు.

లైబ్రరీ_అక్క:
సెలబ్రెంట్ గొప్ప నవలే, కానీ ఆరో క్లాసు పిల్లాడికి బరువు. తండ్రి చదవాలి, పిల్లాడికి గట్‌మన్ ఇవ్వాలి. ఇందులో గొడవేముంది?

పాత_పుస్తకం:
గొడవ ఉందక్కా. ఆ వాగ్నర్ కార్డు చుట్టూ అల్లిన కథే పిల్లలకి సగం అబద్ధంగా అందుతోంది. 'పిల్లలు సిగరెట్లు కొంటారని బాధపడి తన బొమ్మ ఆపించేసిన మహానుభావుడు' అని టీవీలోనూ పుస్తకాల్లోనూ ఒకటే పాట. వాగ్నర్ పొగాకు నమిలేవాడు. 1948 నాటి లీఫ్ కంపెనీ కార్డు చూడండి, పొగాకు నోట్లో పెట్టుకుంటూ ఉంటాడు! కుర్రప్పుడు లూయీవిల్‌లో ఆడే రోజుల్లో సిగార్లకి ఆయన పేరూ బొమ్మా వాడారు. డబ్బు ఇవ్వనందుకే వద్దన్నాడనే వాదన కూడా ఉంది.

షార్ట్‌స్టాప్:
డబ్బు వాదన మీకు అంత నచ్చితే గ్రూబర్ సంగతి కూడా చెప్పండి మరి. వాగ్నర్ అనుమతి తెచ్చిపెడితే 10 డాలర్లు ఇస్తామని సిగరెట్ కంపెనీవాళ్ళు పిట్స్‌బర్గ్ స్పోర్ట్స్ రచయిత జాన్ గ్రూబర్‌కి చెప్పారు. వాగ్నర్ కుదరదని ఉత్తరం రాశాడు. తనవల్ల గ్రూబర్ 10 డాలర్లు నష్టపోకూడదని అదే కవర్లో 10 డాలర్ల చెక్కు పెట్టి పంపాడు. 1912 అక్టోబర్‌లో స్పోర్టింగ్ న్యూస్ పత్రిక రాసిన విషయమిది. డబ్బు కోసం పేచీ పెట్టినవాడు ఎదురు చెక్కు పంపుతాడా?

పాత_పుస్తకం:
తన బొమ్మ సిగరెట్ ప్యాకెట్‌లో ఉండటం ఇష్టం లేదన్నాడు. అంతవరకే. పిల్లల కోసం అన్నది తరవాత తగిలించిన దండ. చెక్కు ఆయన మర్యాదకి గుర్తు, కారణానికి రుజువు కాదు.

షార్ట్‌స్టాప్:
మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అడిగినాయన వాగ్నర్ మనసులో మాట అడగలేదు, నవల అడిగాడు.

టోలెడో84:
మధ్యలో ఒక మాట. మీరు చెప్పిన నవలల్లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఎక్కడ? 1884లో టోలెడో తరఫున మేజర్ లీగ్‌లో క్యాచర్‌గా (వికెట్ కీపర్ లాంటి స్థానం) ఆడిన నల్లజాతి ఆటగాడు. సొంత జట్టు పిచర్ టోనీ మలేన్ ఆయనిచ్చే సిగ్నల్స్ లెక్కచేయకుండా తన ఇష్టమొచ్చినట్టు విసిరేవాడు, తరవాతెప్పుడో తనే ఒప్పుకున్నాడు. ఏ బంతి వస్తుందో తెలియకుండా దాన్ని అందుకోవడమంటే ఏమిటో ఊహించండి. 1887 జులైలో ఇంటర్నేషనల్ లీగ్ పెద్దలు ఇక నల్లవాళ్ళతో కొత్త ఒప్పందాలు వద్దని తీర్మానించారు. జాకీ రాబిన్సన్ 1947లో వచ్చేదాకా మేజర్ లీగ్ తలుపు మూసే ఉంది. ఆ వాగ్నర్ కార్డు ఉన్న టీ206 సెట్‌లో అయిదువందల పైచిలుకు కార్డులు, ఒక్క నల్ల ముఖం లేదు. పిల్లలకి కార్డుల నవల ఇచ్చేముందు ఇది చెప్పాలి.

లైబ్రరీ_అక్క:
తప్పకుండా చెప్పాలి. వాకర్ మీద నవల ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి.

కార్డుల_డబ్బా:
ఎడిసన్ నాన్నగారూ, కథలో కార్డు అసలు ఎలాంటిదో తెలిస్తే చదువుతున్నప్పుడు ఇంకా బాగుంటుంది. టీ206 అంటే అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా సిగరెట్ ప్యాకెట్లలో పెట్టిన కార్డులు. వెడల్పు అంగుళంన్నర లోపు, పొడవు రెండున్నర అంగుళాలు దాటి కాస్త. వెనకవైపు పీడ్‌మాంట్, స్వీట్ కాపరల్ లాంటి సిగరెట్ల ప్రకటన. వాగ్నర్ కార్డులు ఇప్పుడు 60 కూడా లేవంటారు. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి పోయింది.

నాకు ఇంకా ఇష్టమైనవి అంతకు ముందు తరం, 1887 నుంచి వచ్చిన ఓల్డ్ జడ్జ్ సిగరెట్ కార్డులు. అప్పటి కెమెరాకి పరిగెత్తే మనిషి దొరకడు. అందుకని స్టూడియోలో తెర ముందు ఆటగాణ్ణి నిలబెట్టి, బంతిని దారంతో పైనుంచి వేలాడదీసి, క్యాచ్ పడుతున్నట్టు ఫోటో తీసేవారు. కొన్నిట్లో దారం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దారం ఒక్కటి చాలు, నవల రాయడానికి.

ఎడిసన్_నాన్న:
చాలా థాంక్సండీ. ఇది చదివి వినిపిస్తే మా వాడు ఆ దారం ఉన్న ఫోటోలు వెతికించాడు. ఇంతకీ దేనితో మొదలుపెట్టమంటారు?

పాత_పుస్తకం:
చూశారా, ధర రానే వచ్చింది. 72.5 లక్షలు! కార్డు నవలలన్నీ చివరికి అక్కడికే తీసుకెళతాయి. నేను ఊరికే మాట్లాడ్డం లేదు. మా అక్క కొడుకు ఇలాంటి పుస్తకాలే చదివి కార్డుల వెంట పడ్డాడు. పుట్టినరోజు డబ్బులన్నీ కూడబెట్టుకుని ఒక కార్డుల మేళాలో పాత కార్డు కొన్నాడు. ఇంటికొచ్చి వేరే కార్డు మీద పెట్టి చూస్తే ఒకపక్క వెంట్రుకవాసి తక్కువ. అరిగిపోయిన అంచుని కత్తిరించి కొత్తదానిలా చేశారు. అమ్మినవాడు తిరిగి తీసుకోలేదు. వాడు కార్డులు మానేశాడు, దాంతోపాటు ఆట కూడా మానేశాడు.

పెద్దల లోకంలోనూ ఇదే తంతు. వేన్ గ్రెట్స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 1991లో 4,51,000 డాలర్లకి కొన్న వాగ్నర్ కార్డు ప్రపంచంలోకెల్లా గొప్పదని పేరు. దాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలంపాటల వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ లోకంలోకి పదకొండేళ్ళ పిల్లాణ్ణి నవల పేరుతో చెయ్యి పట్టుకుని నడిపించడం నాకు ఇష్టం లేదు.

షార్ట్‌స్టాప్:
మీ మేనల్లుడికి జరిగింది అన్యాయం, కాదనను. కానీ మోసం చేసింది ఆ అమ్మినవాడు. పుస్తకం కాదు, కార్డూ కాదు. మా అమ్మాయికి ఒకసారి ఒక పెద్దమనిషి ఇలాగే చెప్పాడు, 'ఇవన్నీ చిన్నపిల్లల పుస్తకాలమ్మా, మంచి సాహిత్యం చదువు' అని లావుపాటి నవల చేతిలో పెట్టాడు. అది నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేసింది. తరవాత చాలాకాలం ఏ పుస్తకమూ ముట్టలేదు. తనకి నచ్చింది తక్కువరకం అని దాని మనసులో నాటుకుపోయింది. మీరు ఇప్పుడు ఇంకో ఇంట్లో అదే పని చేస్తున్నారు.

పాత_పుస్తకం:
నేనెవర్నీ తక్కువ చేయలేదు.

షార్ట్‌స్టాప్:
చేశారు. టైమ్ ట్రావెల్ అన్నారు, వాగ్నర్ పొగాకు అన్నారు, ధర అన్నారు. ఒక్కొక్కటి తీసేస్తుంటే ఇంకోటి తెస్తున్నారు. మీ అసలు అభ్యంతరం పుస్తకం మీద కాదు. పిల్లాడు దేన్ని ఇష్టపడాలో పెద్దవాళ్ళే తేల్చాలంటున్నారు.

పాత_పుస్తకం:
అవును, తేల్చాలి! తేల్చకపోతే తల్లిదండ్రులెందుకు? కంపెనీలు తేలుస్తాయి అప్పుడు. ఆ కార్డులు పుట్టిందే సిగరెట్లు అమ్మడానికి. పిల్లలు సిగరెట్ షాపుల ముందు నిలబడి, ప్యాకెట్ కొన్న ప్రతి పెద్దమనిషినీ కార్డు ఇమ్మని అడిగేవాళ్ళు. పిల్లాడి ఇష్టాన్ని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేసుకున్నారు. నూరేళ్ళు దాటినా ఏం మారింది?

షార్ట్‌స్టాప్:
సరే. అయితే మీరు నెత్తిన పెట్టుకున్న సెలబ్రెంట్‌నే తీసుకుందాం. అందులో ఆ నగల ఇంటి కుర్రాడి పేరు జాకీ. వాడి చెయ్యి మంచి చెయ్యి, బంతి బాగా విసురుతాడు. ఇంట్లోవాళ్ళు ఆటలు మనకెందుకన్నారు. నగల పనిలో కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళు తేల్చారు కదా! ఏమైంది? తను ఆడాల్సిన ఆట ఇంకొకడు ఆడుతుంటే చూసి, ఆ మనిషినే దేవుణ్ణి చేసుకున్నాడు. ఆ నవల మొత్తం దానికి చెల్లించిన మూల్యమే. మన తెలుగిళ్ళలో ఇది ఎవరికి తెలియదు? మా నాన్న నా క్రికెట్ బ్యాట్ ఇంటర్ మొదటి సంవత్సరంలో దాచేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, కానీ మా అమ్మాయి విషయంలో ఆ పని నేను చేయను.

పాత_పుస్తకం:
జాకీ సంగతి మీరన్నది నిజమే. కానీ నేను అందులో చదివింది ఇంకోటి. అంతగా పూజిస్తే పూజించేవాడూ మిగలడు, పూజలందుకునేవాడూ మనిషిగా మిగలడు. అక్కడ ఉంగరం, ఇక్కడ కార్డు. వస్తువు చేతికి రాగానే మనిషి కనిపించడం మానేస్తాడు. పిల్లాడికి ముందు మనిషిని చూపించమంటున్నాను. వాగ్నర్ వంకర కాళ్ళు, పెద్ద చేతులు, పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో చిన్నప్పుడు చేసిన పని. ధర తరవాత.

షార్ట్‌స్టాప్:
మనిషి దగ్గరికి ఏ దారిన వచ్చినా మనిషే. కార్డు దారిన రానివ్వండి.

లైబ్రరీ_అక్క:
ఇది పుస్తకాలతో తేలేది కాదు గానీ, ఎడిసన్ వాళ్ళకి ఒక సూచన. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జెఫర్సన్ బర్డిక్ ఇచ్చిన కార్డులున్నాయి. బేస్‌బాల్‌వే 30,000 పైన. సిరక్యూస్‌లో ఉండే మామూలు ఉద్యోగి. కీళ్ళవాతంతో వేళ్ళు వంగకపోయినా ఏళ్ళతరబడి కూర్చుని ఆల్బమ్‌లలో అంటించి, 1963లో పని ముగించి, రెండు నెలలకే పోయాడు. టీ206 అనే పేరు పెట్టింది ఆయన కేటలాగే. తన సేకరణని అందరికీ ఇచ్చేసిన మనిషి. ఆయన మీద ఎవరైనా నవల రాస్తే నేనే మొదటి కాపీ కొంటాను. దారిలో హోబోకెన్‌లో పదకొండో వీధి, వాషింగ్టన్ స్ట్రీట్ మూల దగ్గర ఆగండి, 1846లో అక్కడ జరిగిన తొలినాటి బేస్‌బాల్ ఆట గుర్తుగా ఫలకం ఉంది.

ఎడిసన్_నాన్న:
అందరి మాటా చదివాను. మా వాడికి హోనస్ ఇచ్చేశాను, నిన్న రాత్రే సగం లాగించాడు. నేను సెలబ్రెంట్ మొదలుపెట్టాను. పాత_పుస్తకం గారూ, వాడు పుస్తకం పక్కన పెట్టి, 'నాన్నా, వాగ్నర్ సిగరెట్లు వద్దన్నాడు కదా, మరి పొగాకు నమిలాడా?' అని అడిగాడు. మీరు చెప్పిన లీఫ్ కార్డు, ఆ 10 డాలర్ల చెక్కు రెండూ చెప్పాను. ఎవరి మాట నమ్మాలో వాడింకా తేల్చుకోలేదు.

పాత_పుస్తకం:
తేల్చుకోనివ్వండి. కార్డు కొనే రోజు వస్తే మాత్రం స్కేలు తీసుకెళ్ళండి. నాలుగువైపులా కొలవందే డబ్బు తీయొద్దు.

టోలెడో84:
వాకర్ నవల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.