అప్‌డేట్: గేమింగ్ మానిటర్‌లో అక్షరాల మసక పోయింది

27 అంగుళాల 1440పీ (2560×1440 పిక్సెళ్లు), 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారే) మానిటర్‌లో నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోతున్నాయని అడిగాను కదా, సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. కలర్ ఫార్మాట్ (కంప్యూటర్ మానిటర్‌కి రంగులు పంపే తీరు) చూడమన్న సలహాయే పనిచేసింది. నేను వాడిన హెచ్‌డీఎంఐ 2.0 కనెక్షన్‌లో ఈ రిజల్యూషన్‌కి 144 హెర్ట్జ్, 10 బిట్ (రంగుకి ఎక్కువ ఛాయలు), పూర్తి ఆర్‌జీబీ (ప్రతి పిక్సెల్‌కీ దాని సొంత రంగు) మూడూ కలిసి పట్టవు. అందుకే గ్రాఫిక్స్ డ్రైవర్ రంగు సమాచారం తగ్గించి పంపే 4:2:2 ఫార్మాట్‌కి దిగిపోయింది. అందులో పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లకీ రంగు ఒకటే, కాబట్టి వత్తుల్లాంటి సన్నగీతలే ముందు చెడతాయి.

గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆర్‌జీబీ, 8 బిట్, ఫుల్ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా అన్ని స్థాయిలూ) పెట్టగానే అంచులు తేటగా వచ్చాయి. కేబుల్‌ని డిస్‌ప్లేపోర్ట్ 1.4 అనే మరో రకం కనెక్షన్‌కి మార్చాక 10 బిట్ కూడా నిలిచింది.

విండోస్‌లో అక్షరాల అంచులు నునుపు చేసే క్లియర్‌టైప్‌కీ దీనికీ సంబంధం లేదు. షార్ప్‌నెస్ పెంచితే అక్షరాల చుట్టూ తెల్లంచు వచ్చింది, అంతే. స్క్రోల్ చేసేటప్పుడు ముదురు రంగులు సాగడం వేరే సంగతి, అది నా మానిటర్‌లోని వీఏ రకం ఎల్‌సీడీ ప్యానెల్ స్వభావం. పిక్సెళ్లు త్వరగా మారేలా చేసే ఓవర్‌డ్రైవ్ సెట్టింగ్ మధ్యస్థంగా పెడితే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.