డెల్టాలో పేదల ఇళ్లు: టిడ్కో బ్లాకులా, సెంటు స్థలమా?

ఏటిగట్టు
అందరికీ నమస్కారమండి. భీమవరం, తాడేపల్లిగూడెం, మండపేట, ఏ టౌనుకి వెళ్లినా శివార్లలో ఒకేలాంటి జీ ప్లస్ త్రీ (కింద ఒకటి, పైన మూడు అంతస్తులు) బ్లాకులు కనిపిస్తున్నాయి, పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించినవి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. వీటిని చూసి సంతోషించాలా, బాధపడాలా?

నా మట్టుకు నాకు బాధే. 1920ల్లో ఫ్రాన్సులో లె కార్బూజియే లాంటి ఆర్కిటెక్టులు పాత వీధులు తీసేసి, పచ్చిక మధ్య ఎత్తైన బ్లాకులు కట్టి జనాన్ని అందులో ఉంచాలన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువు వచ్చేసరికి చాలా ప్రభుత్వాలు అదే దారి పట్టాయి. ఏమైంది? అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్ ఐగో అని 33 బ్లాకులు కట్టారు. ఒక్కోటి 11 అంతస్తులు, మొత్తం 2,870 ఇళ్లు. 1950ల మధ్యలో జనం చేరారు. 1972లో పేలుడు మందు పెట్టి కూల్చడం మొదలెట్టి, 1976కల్లా అంతా నేలమట్టం చేశారు. లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 1968 మే 16న ఒక వంటింట్లో గ్యాస్ పేలితే ఆ మూల మొత్తం పైనుంచి కిందిదాకా జారిపోయింది. నలుగురు చనిపోయారు. అప్పటికి జనం చేరి రెండు నెలలే.

వాళ్లు కూల్చుకున్నదాన్ని మనం ఇప్పుడు ఎత్తుకోవడం దేనికి? డెల్టాలో బతుకంతా నేల మీదే. ధాన్యం ఆరబోసుకోవాలి, గేదెను కట్టుకోవాలి, కొబ్బరి డొక్కలు ఎండబెట్టుకోవాలి, సాయంత్రం అరుగు మీద నలుగురు కూర్చోవాలి. మూడో అంతస్తులో ఉన్నవాడు తోపుడు బండి ఎక్కడ పెట్టుకుంటాడు? సెంటో, సెంటున్నరో స్థలమిచ్చి డబ్బులిస్తే ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటారు. పిల్లాడికి పెళ్లయితే పైన గది వేసుకుంటారు. ఫ్లాటులో ఆ వీలు ఎక్కడుందండి?

స్లాబుపని
ఏటిగట్టు గారూ, గేదె సంగతి ఒప్పుకుంటాను. నేల సంగతి ఒప్పుకోను. నేను సైటు ఇంజినీరుని, పని ఈ జిల్లాల్లోనే.

మన కాళ్ల కింద ఉన్నది చాలాచోట్ల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు మామూలు డాబా వేసినా అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, నేలలోకి దింపుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ఇలాంటి నేలల కోసమే తీర్చిదిద్దిన పద్ధతి అది. 2020లో మొదలైన ప్రభుత్వ ఇళ్ల స్థలాల పథకంలో ఇంటికి 1.80 లక్షలు పెట్టారు. అందులో పైల్స్ ఎక్కడ, గోడలెక్కడ? పైగా టౌన్ల దగ్గర దొరికే స్థలాలు ఎక్కువగా పల్లపు చేలే. మెరక కోసం తోలిన మట్టి కుదురుకోవాలంటే కొన్ని వానాకాలాలు గడవాలి. ఆగకుండా కడితే గోడ బీటలిస్తుంది, ఎవరు కట్టినా సరే. బ్లాకులో అయితే ఒక పునాది ఖర్చుని నాలుగు అంతస్తులు పంచుకుంటాయి.

నేల లెక్క కూడా వేయండి. ఎకరానికి 100 సెంట్లు. రోడ్లకీ కాలువలకీ మూడో వంతుకు పైనే పోతుంది. మిగిలేది అటూ ఇటూగా 60 ఇళ్లు. ఒక టౌనుకి 5,000 ఇళ్లు కావాలంటే 80 ఎకరాల పైన వరిచేను పోయినట్టే. ఆ చేను వానొస్తే నీరు నిలిచే చోటు కూడా. దాన్ని మెరక చేస్తే ఆ నీరు పక్క చేలోకో పక్క పేటలోకో పోక తప్పదు.

వేడి గురించి మీరు అనలేదు కాబట్టి నేనే అంటాను. టిడ్కోది షేర్‌వాల్ పద్ధతి. అల్యూమినియం ఫారాలు బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. పని వేగం, గోడ గట్టి. కానీ పల్చటి కాంక్రీటు గోడ ఎండని తొమ్మిదంగుళాల ఇటుక గోడలా ఆపదు. మే నెలలో పై అంతస్తు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. టెర్రస్ మీద తెల్లటి పూత, కిటికీల మీద లోతైన సన్‌షేడ్, ఈ రెండూ డ్రాయింగులోనే ఉండాల్సింది.

గౌతమిపాయ
ఏ అరుగండి ఏటిగట్టు గారూ? మా అమ్మావాళ్లది మురుగుకాలవ గట్టు మీద తాటాకు పాక. 1996 నవంబరు తుఫానుకి ఆకు సంగతి అలా ఉంచండి, వాసాలు కూడా మిగల్లేదు. వేరే చోటు లేక మళ్లీ అక్కడే వేసుకున్నారు. మీరు చెప్పే అరుగులూ పెరళ్లూ ఊళ్లో వాళ్లవి. ఆ అరుగుల ముందు నుంచి మా తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు.

నాకు టిడ్కో ఫ్లాట్ల లాటరీలో రెండో అంతస్తు వచ్చింది. లోపల గడియ పెట్టుకునే బాత్రూమ్ నా జీవితంలో ఇదే మొదటిది. ఎదురు ఫ్లాటు వాళ్లు ఎవరో లాటరీ నన్ను అడగలేదు, నేనెవరో వాళ్లనీ అడగలేదు. ఊళ్లో స్థలాలిస్తే ఏం చేస్తారో మాకు తెలుసు. పేట పక్కన ఇంకో పేట వేస్తారు. దాన్ని కాలనీ అంటారు.

అలాగని అంతా బాగుందని కాదు. నేను పనిచేసే ఇళ్లు టౌను నడిబొడ్డున ఉన్నాయి. గట్టు మీద ఉన్నప్పుడు నడిచి వెళ్లేదాన్ని, ఇప్పుడు రానూపోనూ ఆటో. వచ్చే జీతంలో అది చిన్న కోత కాదు. ఆ మధ్య నీళ్ల మోటారు కాలిపోయింది. కింది అంతస్తు వాళ్లు కుళాయి దగ్గర పట్టుకుంటాం, మాకెందుకు మోటారు అన్నారు. అద్దెకున్నవాళ్లు ఓనర్ని అడగమన్నారు. ఓనర్లు ఫోనెత్తరు. పైవాళ్లం బిందెలతో మెట్లెక్కాం.

కొబ్బరిపీచు
మోటారు కాలిపోతే లె కార్బూజియే ఏం చేస్తాడు పాపం.

నిర్వాహకులు
ఏ పార్టీ ఏం ఇచ్చింది, ఎవరు ఆపారు అన్న పోస్టులు తీసేశాం. ఇళ్ల గురించి మాట్లాడండి.

ప్లానుబల్ల
కొబ్బరిపీచు గారు నవ్వుకి అన్నారు కానీ అసలు విషయం అదే. నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నాను, మాది పాలకొల్లు.

ప్రూయిట్ ఐగోలో ఖర్చు తగ్గించడానికి లిఫ్టులు 1, 4, 7, 10 అంతస్తుల్లోనే ఆగేలా పెట్టారు. మిగతా అంతస్తుల వాళ్లు మెట్లు వాడాలి. ఆ మెట్లూ వరండాలే తర్వాత దొంగతనాలకీ దాడులకీ అడ్డాలయ్యాయి. డిజైన్ తప్పే, సందేహం లేదు. అయితే దాదాపు ఇదే తప్పు సింగపూర్ కూడా చేసింది. అక్కడి హౌసింగ్ బోర్డు 1960లో మొదలైంది. పాత బ్లాకుల్లో చాలావాటికి లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. 2001 నుంచి ఒక్కో బ్లాకునీ పట్టుకుని, వీలైనచోటల్లా ప్రతి అంతస్తులో ఆగేలా మార్చుకుంటూ వచ్చారు. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిది, కొంత ఇంటివాళ్లది. ఇవాళ అక్కడ నూటికి దాదాపు 80 మంది ఆ బోర్డు ఫ్లాట్లలోనే ఉంటున్నారు.

ఒకచోట కూల్చేశారు, ఒకచోట బాగుచేసుకున్నారు. తేడా డబ్బు ఎటునుంచి వచ్చిందన్నదే. సెయింట్ లూయిస్‌లో కట్టడానికి కేంద్రం నిధులిచ్చింది, నడపడం మాత్రం అద్దెల మీద వదిలేశారు. అదే సమయంలో ఊరు ఖాళీ అవుతోంది. 1950లో ఎనిమిదిన్నర లక్షల జనాభా 1970కి 6.2 లక్షలకు పడిపోయింది. ఫ్లాట్లు ఖాళీ అయితే అద్దె రాదు. అద్దె రాకపోతే రిపేరు లేదు. రిపేరు లేకపోతే ఉన్నవాళ్లూ వెళ్లిపోతారు. మిగిలిన పేదవాళ్ల మీద అద్దె పెంచుకుంటూ పోతే 1969లో వాళ్లు అద్దె కట్టబోమని సమ్మె చేశారు. సింగపూర్లో 1964 నుంచే కొనుక్కునే పద్ధతి పెట్టారు. నెలనెలా టౌన్ కౌన్సిల్‌కి చార్జీ కట్టాలి, అందులో కొంత వాటాని పెద్ద రిపేర్ల కోసం విడిగా దాచాలని చట్టమే ఉంది. గౌతమిపాయ గారి మోటారుకి అలాంటి డబ్బా ఒకటి లేదు, అంతే.

ఏటిగట్టు
అంతేనా? అయితే ఇది చెప్పండి. ప్రూయిట్ ఐగోకి రోడ్డు అవతలే కార్ స్క్వేర్ విలేజ్ అని తక్కువ ఎత్తు ఇళ్ల కాలనీ ఉంది. అదే ఊరు, అలాంటి పేదలే. అక్కడ అంత పాడు కాలేదు. ఎందుకంటే గుమ్మం ముందు జాగా ఎవరిదో తెలుసు కాబట్టి, కొత్త మనిషి వస్తే నలుగురూ చూస్తారు కాబట్టి. డబ్బు ఒక్కటే కారణమైతే అదీ ఇదీ కలిసే చావాలి కదా.

సింగపూర్ పేరు ఎత్తితే నాకు ఒళ్లు మండుతుందండి. నేలలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే, ఫ్లాటు కూడా 99 ఏళ్ల లీజు. మన మునిసిపాలిటీకి వీధి లైటు మార్చడానికే నెల పడుతుంది. మన దేశంలోనే చూడండి. ఇండోర్‌లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1980ల్లో అరణ్య అనే కాలనీ ప్లాను చేశారు. స్థలం, అరుగుమట్టం వరకు పునాది, ఒక మరుగుదొడ్డి, నీళ్లు, డ్రైనేజీ ఇచ్చి మిగతాది ఇంటివాళ్లకే వదిలేశారు. దాదాపు 6,500 స్థలాలు. 1995లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అలాంటిది ఇక్కడెందుకు కుదరదు?

ప్లానుబల్ల
కార్ స్క్వేర్ సంగతి బలమైన పాయింటే. అంతస్తులు పెరిగేకొద్దీ నిర్వహణ ఖరీదవుతుందని అది చెబుతోంది. అయితే మనవి పదకొండు కావు, నాలుగు అంతస్తులు. లిఫ్టే లేదు. ఇక్కడ మెట్లు పంచుకునేవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టేంత మందే.

అరణ్య నాకూ ఇష్టమే, కానీ ఇండోర్ పీఠభూమి మీద ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదారి వాళ్లకి తెలియదు. 2022 జూలైలో 25 లక్షలు దాటితేనే లంకల్లో ఏమైందో మీకు చెప్పాల్సిన పని లేదు. మనకి వరద ఒక్కటే కాదు, డ్రెయిన్లు పూడిపోయి గట్టి వానకే లేఅవుట్లు మునుగుతున్నాయి. పై అంతస్తు ఉన్నవాడు కనీసం బియ్యం మూటా పిల్లల పుస్తకాలూ కాపాడుకుంటాడు.

ఇంకో మాట. లె కార్బూజియే చెప్పినవాటిలో మన డెల్టాకి సరిగ్గా పనికొచ్చేది భవనాన్ని స్తంభాల మీద నిలబెట్టి కింద ఖాళీ వదలడం. ఫ్రాన్సులో మార్సెయి నగరంలో 1952లో పూర్తయిన ఆయన బ్లాకు అలాగే ఉంది. 337 ఇళ్లు, లోపల మధ్య అంతస్తులో దుకాణాలు, పైన పిల్లల బడి. ఇప్పటికీ జనం ఉంటున్నారు. మన దగ్గర ఆ స్తంభాలు ఎవరికి దక్కాయి? రాజమండ్రి, భీమవరంలో మధ్యతరగతి అపార్ట్‌మెంట్ ఏది చూసినా కింద స్టిల్ట్ ఉంటుంది, కార్ల కోసం. పేదల బ్లాకుకి వచ్చేసరికి నేల మీదే ఫ్లాటు. స్టిల్ట్ ఉంటే తోపుడు బండి, ఆటో, వలలు, పెళ్లి పందిరి అన్నీ అక్కడే సరిపోయేవి. వరదొస్తే నీళ్లు కిందనుంచి పోయేవి.

స్లాబుపని
స్టిల్ట్ బాగానే ఉంటుంది, కానీ ఊరికే రాదు. కింద గోడల్లేని స్తంభాలు, పైన బరువైన గోడల పెట్టె. ఇది భూకంపానికి లోకువ. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలడానికి ఇదొక ముఖ్య కారణం. షేర్‌వాల్‌ని కొన్నిచోట్ల పునాదిదాకా దింపి, మిగతాచోట స్తంభాలు పెట్టి చేయొచ్చు. ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చుని ఒక అంతస్తు ఫ్లాట్లు పోయాయనే లెక్కలో చూస్తారు కాబట్టి ఫైలు ముందుకు కదలదు.

ఉప్పు గాలి గురించి ఎవరూ అడగలేదు, ఆశ్చర్యంగా ఉంది. సముద్రం దగ్గరి మండలాల్లో పాత కాలనీ ఇళ్ల స్లాబులు చూడండి. చువ్వలు తుప్పు పట్టి పెచ్చులు ఊడుతున్నాయి. ఉప్పు ఇసుక వాడారు, చువ్వ మీద కాంక్రీటు కవరు చాలినంత ఇవ్వలేదు. సొంతిల్లు కట్టుకున్నా ఆ మేస్త్రీ, ఆ ఇసుకే. బ్లాకుకి కనీసం కాంక్రీటు బలం పరీక్షించే టెస్టు క్యూబులైనా పోస్తారు.

కొబ్బరిపీచు
క్యూబులు బాగానే పోస్తారండి. బ్లాకులే మిగతా కాంక్రీటుతో పోస్తారు.

గౌతమిపాయ
కూల్చడం, వదిలేయడం కాకుండా, ఉన్నవాళ్లని ఉంచి బాగుచేసిన చోటు ఏదైనా ఉందా? మేం ఎటూ పోం. అప్పు కట్టేవాళ్లు కడుతున్నారు.

ప్లానుబల్ల
ఉందండి. ఫ్రాన్సులో బోర్డో నగరంలో గ్రాండ్ పార్క్ అనే చోట 1960ల నాటి మూడు బ్లాకులు, 530 ఇళ్లు. కూల్చకుండా, లకాటన్, వాసల్ అనే ఆర్కిటెక్టులు తోటివాళ్లతో కలిసి ప్రతి ఫ్లాటుకీ బయటివైపు గది అంత లోతైన అద్దాల వరండా అతికించారు. 2017కి అయింది. పని జరుగుతున్నంతకాలం జనం వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు. లకాటన్, వాసల్ ఇద్దరికీ 2021లో ఆర్కిటెక్చర్‌లో పెద్దదైన ప్రిట్జ్‌కర్ అవార్డు వచ్చింది. మనకి అద్దాలు అక్కర్లేదు, వాటితో ఉడికిపోతాం. బ్లాకుకి పడమర వైపు విడిగా పునాదితో జాలీ (చిల్లుల గోడ) వరండా నిలబెడితే నీడా వస్తుంది, బట్టలు ఆరేసుకునే చోటూ వస్తుంది.

ఏటిగట్టు
అది ఎవరు కట్టిస్తారు, ఎప్పటికి? నేను నా మాట మీదే ఉన్నాను. టౌన్లో, నేల లేనిచోట సరే, బ్లాకులు కట్టండి. కొత్తపేట, రాజోలు వైపు పల్లెల్లోకి మాత్రం తేవద్దు. గౌతమిపాయ గారు పేట గురించి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, కానీ దానికి మందు మూడో అంతస్తు అని కూడా అనుకోను.

గౌతమిపాయ
మందు అని నేనూ అనలేదండి. తలుపు దొరికింది అన్నాను.

స్లాబుపని గారూ, రెండు సందేహాలు. మా వంటింట్లో పొగ పోవడానికి గోడకి ఫ్యాను రంధ్రం కొట్టిస్తానని ఒకాయన వచ్చాడు. కొట్టించొచ్చా? పైఅంతస్తు వాళ్లు టెర్రస్‌కి తెల్ల పూత వేయిద్దామంటున్నారు, డబ్బులు వాళ్లే ఇవ్వాలా, అందరమా?

స్లాబుపని
సుత్తితో అసలు కొట్టించొద్దు. అది అడ్డుగోడ కాదు, పై ఇళ్ల బరువు మోసే గోడ. కిటికీలో పై అద్దం తీయించి అక్కడ ఫ్యాను బిగించండి, చౌకలో అవుతుంది.

టెర్రస్ పూత అందరిదీ. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, టెర్రస్ లాంటివి ఉమ్మడి. సంఘం రిజిస్టర్ అయి ఉంటే నెలనెలా వసూలు చేయొచ్చు, ఇవ్వనివాళ్లకి నోటీసు ఇవ్వొచ్చు. అద్దెకిచ్చినా బాకీ ఓనరుదే అని బైలాలో (సంఘం నియమాల్లో) రాయించండి. మీ బ్లాకుకి సంఘం ఉందా?

గౌతమిపాయ
వాట్సాప్ గ్రూపు ఉంది.

స్లాబుపని
అది చాలదు. బైలా నమూనా ఒకటి నా దగ్గరుంది, రేపు ఇక్కడే పెడతాను. మీ అలాట్‌మెంటు కాగితంలో ఉమ్మడి స్థలాల గురించి ఏం రాశారో పేర్లూ నంబర్లూ తీసేసి టైప్ చేయండి. దాన్నిబట్టి మార్పులు చెప్తాను.